మెడలు చూసే కాటమయ్య

కాటమయ్య తాత ఎవరి చేతులూ చూడడు, మెడలు చూస్తాడు. ఆయన గురించి ఈ ఒక్కటి తెలిస్తే మిగతాదంతా తెలిసినట్టే. నల్లగొండలో పానగల్ పోయే రోడ్డు మీద మా నాగేందర్ సేటు సూపర్‌మార్కెట్ తెరిచినప్పుడు, దొంగల్ని పట్టడానికి ఏరికోరి ఈయన్ను పెట్టాడు. నలభై ఏళ్లు గొర్లు కాసిన మనిషి. యూనిఫాం తొడుక్కున్నాడు గానీ చెప్పులు మాత్రం వేసుకోనన్నాడు. దాంతో వెనకే వచ్చి నిలబడ్డా ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నం మూడింటికి మా షాపు చూడాలి మీరు. కిటికీలు లేవు. ఫ్రిజ్‌ల గుర్రు తప్ప చప్పుడు లేదు. సబ్బుల వరసలో ట్యూబ్‌లైటు ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. మీరొక్కరే ఉన్నారనుకుంటారు. ఇంతలో మెడ వెనక గాలి కదిలినట్టవుతుంది. ఎక్కడి నుంచో సన్నగా "ట్రుర్ర్ర్" అని వినపడుతుంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు.

అది చేను మీదికి పోయే గొర్రెను మళ్లించే పిలుపు. మా దిక్కున చాలామంది గొర్లు కాసిన ఇండ్ల వాళ్లే కాబట్టి అది వినగానే కాళ్లు వాటంతటవే ఆగిపోతాయి. నాకెలా తెలుసంటారా? ఇప్పుడు బిల్లింగ్ కౌంటర్‌లో కూర్చునే ఈ స్వరూప, ఉద్యోగంలో చేరకముందు అదే సబ్బుల వరసలో ఓ షాంపూ సీసాను చున్నీ కిందికి పోనివ్వబోయింది. పిలుపు వినపడింది. సీసా దాని జాగాలో పెట్టేసి, అక్కర్లేని చీపురొకటి కొనుక్కుని బయటపడ్డాను.

ఉద్యోగంలో చేరాక ఆయన నన్ను గుర్తుపట్టినట్టు కనపడలేదు. ఒకరోజు బియ్యం బస్తాల పక్కన నిలబడి ఉంటే ధైర్యం చేసి, దొంగల్ని ఎట్లా గుర్తుపడతావని అడిగాను.

"కొనేటోళ్లు సరుకును సూస్తరు బిడ్డా, తీసేటోళ్లు మనిషిని సూస్తరు. చేన్ల పడే గొర్రె గూడ ముందుగాల మెడ తిప్పి కాపరి యాడున్నడో సూస్తది."

నేను తలూపి కళ్లెత్తేసరికి బియ్యం బస్తాల పక్కన మనిషి లేడు.

ఊళ్లో పుకారు పుట్టింది. ఆ జాగాలో ఎప్పుడో చచ్చిపోయిన గొర్లకాపరి ఇంకా మందను వెతుక్కుంటున్నాడట. తన చెవిలోనే పిలిచాడని జానమ్మ అనే ఆవిడ ఒట్టు పెట్టి చెప్పింది. అప్పుడు ఏ వస్తువు పట్టుకుని ఉందో మాత్రం చెప్పలేదు. సేటు భయపడి గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టాడు. నిచ్చెన పట్టుకున్నది కాటమయ్యే, ఏమీ ఎరగనట్టు.

మూడేళ్లయినా ఒక్క దొంగ దొరకలేదు. పట్టుబడ్డవాళ్ల ఫొటోలు అంటించడానికి సేటు ముచ్చటపడి చేయించిన బోర్డు ఖాళీగానే ఉంది. చివరికి కెమెరాలు పెట్టించి, శనివారం లోపల ఒక్క ఫొటో అయినా పడకపోతే కాటమయ్య మళ్లీ గొర్లు కాసుకోవచ్చని తేల్చేశాడు. కాటమయ్యకు గొర్లెక్కడివి? భార్య రామమ్మ ఆపరేషన్‌కు మంద మొత్తం అమ్ముకున్నాడు. ఆమె మందులు ఈ ఉద్యోగం మీదే నడుస్తున్నాయి. ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు.

శనివారం మధ్యాహ్నం సేటు నా పక్కనే కెమెరా తెర ముందు కూర్చున్నాడు. చంటిపిల్లను ఎత్తుకున్న ఒకామె పాలపొడి డబ్బాల ముందు ఆగింది. మెడ ఇటు తిరిగింది, అటు తిరిగింది. డబ్బా కొంగు కిందికి పోయింది. సేటు మొహం వెలిగింది. అంతలో తెర మీద, ఇప్పటిదాకా ఖాళీగా ఉన్న ఆమె వెనక, ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో కెమెరాకే తెలియలేదు. షాపంతా ఆ పిలుపు సన్నగా పాకింది.

డబ్బా మళ్లీ అరలోకి వెళ్లింది. ఆమె చిన్న ప్యాకెట్టొకటి తెచ్చి, డబ్బులిచ్చి, తలెత్తుకునే వెళ్లిపోయింది.

సేటు కాటమయ్యను పిలిచి మండిపడ్డాడు. ఒక్క నిమిషం నోరు మూసుకుంటే గేటు దగ్గర దొరికేది కదా అన్నాడు.

"చేన్ల వడ్డంక కొట్టుడు నాకు రాదు సేటు. పడకముందే పిలుస్త. ఆమె దొంగ గాలే, ఇగ ఫొటో ఎవలిది పెడ్తవు?"

"మూడేండ్ల సంది గా పిలుపు నీదేనా? ఎంతమందిని పిలిసినవ్?"

"యాదికి లేదు. పిలిసినంక యాదిల పెట్టుకోను."

నా వైపు చూడనైనా చూడలేదు. ఇన్నాళ్లూ ఆయన నన్ను గుర్తుపట్టలేదనుకున్న నా తెలివికి నాకే సిగ్గేసింది.

సేటు మొహంలో రంగు మారింది. గొంతు తగ్గించి అడిగాడు.

"మొన్న గోదాంల నేనొక్కన్నే పప్పు ప్యాకెట్లు కడుతుంటే గూడ ఇనవడ్డది."

"నువ్వు గూడ మెడ తిప్పి సూసినవ్ సేటు, తూకం పెట్టెటందుకు ముందుగాల."

సేటు గోదాంలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. లోపల తరాజు చప్పుడు, కట్టిన ప్యాకెట్లు విప్పి మళ్లీ పప్పు పోస్తున్న చప్పుడు పొద్దుగూకేదాకా ఆగలేదు. బయటికి వచ్చేసరికి చొక్కా నిండా కందిపప్పు దుమ్ము. నేరుగా నా దగ్గరికి వచ్చి, గల్లా వైపు చూస్తూ మెల్లగా అన్నాడు.

"రేపు ఎప్పటిలెక్కనే రమ్మని తాతకు నువ్వు జెప్పు స్వరూపా. నాకు మొఖం చెల్లుతలేదు."