డ్రాగన్ల రాజ్యంలో బిక్షపతి యూనియన్

బిక్షపతికి ఒకే ఒక్క జబ్బు. ఎవరైనా పని లేకుండా నిలబడితే చూడలేడు. మనుషుల సంగతి అటుంచండి, కంప్యూటర్ తెర మీద బొటనవేలంత బొమ్మమనిషి ఖాళీగా నిలబడినా ఆయన ప్రాణం కొట్టుకుపోయేది.

ఈ సంగతి ఛాయాదేవికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. 2006 ప్రాంతంలో ఆమె నాచారంలో, ఫ్యాక్టరీల వైపు వెళ్లే రోడ్డు మీద, ఎనిమిది కంప్యూటర్లతో నెట్ సెంటర్ నడిపేది. రేపల్లె నుంచి వచ్చి పదేళ్లయింది. భర్త నరసింహమూర్తి ఉప్పల్లో లెక్కల మాస్టారు. నెట్ సెంటర్‌కి ఎదురుగా మూతబడిన దారం మిల్లు గేటు. మూసి ఆరేళ్లు. గేటుకు తాళం, తాళానికి తుప్పు.

ఆ మిల్లులో ఇరవై రెండేళ్లు ఫిట్టరుగా, అందులో పదేళ్లు యూనియన్ సెక్రటరీగా చేసినవాడు బిక్షపతి. ఒకరోజు రేషన్ కార్డు జిరాక్స్ కోసమని వచ్చి, లోపల కాలేజీ కుర్రాళ్లు ఆడుతున్న ఆట చూసి అక్కడే ఆగిపోయాడు. జిరాక్స్ మరిచిపోయి ఇంటికి వెళ్లాడు. మర్నాడు పదింటికి మళ్లీ వచ్చాడు. అప్పటినుంచి ఆదివారం తప్ప ఏనాడూ మానలేదు. షిఫ్టుకి వచ్చినట్టు వచ్చేవాడు.

ఆటేమిటంటే, మనకో రాజ్యం, ఎదుటివాడికో రాజ్యం. కూలీలు చెట్లు కొట్టాలి, గనిలో బంగారం తవ్వాలి, కోట కట్టాలి. ఆ బంగారంతో సైనికుల్నీ మాంత్రికుల్నీ నిప్పులు కక్కే డ్రాగన్లనీ తయారుచేసి ఎదుటివాడి మీదికి తోలాలి. తెర కింది మూల ఒక చిన్న అంకె కనిపిస్తుంటుంది. ఎంతమంది కూలీలు పని లేకుండా ఉన్నారో చెబుతుంది. కుర్రాళ్లెవరూ దాన్ని పట్టించుకునేవాళ్లు కాదు. బిక్షపతి చూసేదల్లా అదే.

“జీవన్! ఐదుగురు ఖాళీగ నిలవడ్డరు బిడ్డా!”

“మామా, అవతల డ్రాగన్ వస్తుంది మామా!”

“డ్రాగన్ వస్తది, పోతది. ముందుగాల గా ఐదుగురికి పని సూపియ్యి.”

జీవన్ ఘట్‌కేసర్‌లో ఇంజినీరింగ్ చదివేవాడు. చదివేవాడంటే, వాళ్ల నాన్న అలా అనుకునేవాడు. ఆ ఆటలో వాడిని మించినవాడు ఇటు నాచారంలో గానీ అటు రామంతాపూర్‌లో గానీ లేడు. అలాంటివాడు కూడా బిక్షపతి వెనక నిలబడితే ఓడిపోయేవాడు.

ఆయనకు అభిప్రాయం లేని సంగతంటూ ఆ రాజ్యంలో లేదు. మౌస్ నొక్కినప్పుడల్లా కూలీ బొమ్మ ఇంగ్లిషులో ఏదో అంటుంది కదా, “ఏమంటుండురా వాడు?” అని అడిగాడొకసారి.

“చిత్తం ప్రభూ అంటుండు మామా.”

“పొద్దటికెంచి నలభై సార్లన్నడు. యూనియన్ లేకుంటే గిట్లనే అయితది.”

మాంత్రికుణ్ని చూసి, “వీడు అచ్చం మా పర్సనెల్ మేనేజర్ లెక్కనే ఉన్నడు. చేతులూపుడు తప్ప వేరే పని లేదు,” అనేవాడు. పొడుగు చెవుల అడవి మనుషుల చెట్లు నరికితే ఒప్పుకునేవాడు కాదు. డ్రాగన్ గుడ్డు పగిలి పిల్ల బయటికొస్తే కుర్రాళ్లంతా ఈలలు వేసేవారు. ఈయన మాత్రం, “గింత జంతువుకి తిండి ఎవరు వెడుతరు? క్యాంటీన్ ఏది?” అని వెతికేవాడు.

ఛాయాదేవి నవ్వాపుకుంటూ, “మీరు ఆడరు, ఆడేవాళ్లని ఆడనివ్వరు. ఎందుకండీ మీకీ బాధ?” అనేది.

“ఆట కాదు చెల్లె, కండ్ల ముంగట మనిషి ఖాళీగ ఉంటె ఎట్ల సూడబుద్ధయితది?” అనేవాడాయన, ఎదురుగా గేటు వంక ఓసారి చూసి.

ఆయనొక్కడే అయితే సరే. ఆయన కోసం ఇంకా కొందరు వచ్చేవాళ్లు. అందరూ నలభై, యాభై దాటినవాళ్లే. బెరుగ్గా లోపలికొచ్చి, బిక్షపతి పక్కన నిలబడి, చూపు తెర మీద పెట్టి, పెదాలు కదిపీ కదపకుండా ఏదో గొణిగేవారు. ఆయన కూడా తెర వంకే చూస్తూ ఏదో గొణిగేవాడు. ఐదు నిమిషాల్లో వెళ్లిపోయేవాళ్లు.

“నాచారంలో మగాళ్లందరికీ డ్రాగన్ల పిచ్చి పట్టిందండీ. నిన్న ఒకావిడ కూడా వచ్చింది,” అంది ఛాయాదేవి భర్తతో.

“నువ్వు నడిపేది నెట్ సెంటరా, జాతరా?” అన్నాడు నరసింహమూర్తి.

ఒకరోజు జీవన్‌కి సహనం చచ్చిపోయింది. గెలవబోయే ఆట ఓడాడు. కుర్చీలోంచి లేచి, “మామా, ఇగ నువ్వే ఆడు. నేను నీ ఎనక నిలవడి మాట్లాడుత!” అన్నాడు.

మిగతా కుర్రాళ్లు చుట్టూ చేరారు. బిక్షపతి అంగీకి చేతులు తుడుచుకుని, మౌస్‌ని పిచ్చుకపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. సైన్యం జోలికే పోలేదు. ఒక రంపపు మిల్లు కట్టాడు. దాని పక్కనే ఇళ్లు కట్టాడు. ఉన్నవాళ్లందరినీ పనిలో పెట్టాడు. కాసేపు చెట్టు కొట్టినవాళ్లని గనిలోకి, గనిలోవాళ్లని చెట్ల దగ్గరికి మార్చాడు. మూలనున్న అంకె సున్నా అయింది. ఆయన ముఖంలో అంత వెలుగు ఛాయాదేవి ఎప్పుడూ చూడలేదు.

ఇరవై నిమిషాలకు గనిలో బంగారం అయిపోయింది. కూలీలు ఒక్కొక్కరే బయటికొచ్చి నిలబడ్డారు.

“మామా, గని ఖతమైంది. నదికి అవతల ఇంకో గనుంది. అందర్ని తీస్కొని అటు పో,” అన్నాడు జీవన్.

“ఇల్లు ఇడ, మిల్లు ఇడ. ఈ జాగ ఇడిసిపెట్టి యాడికి పోతర్రా?”

“గేమ్ మామా ఇది!”

బిక్షపతి కదల్లేదు. వాళ్లనీ కదల్చలేదు. పన్నెండుమందీ మిల్లు ముందు అలాగే నిలబడ్డారు. ఇంతలో డ్రాగన్లు వచ్చాయి. కుర్రాళ్లు నవ్వడానికి నోరు తెరిచి, ఆయన ముఖం చూసి మూసుకున్నారు. ఆయన లేచి, కుర్చీ మళ్లీ బల్ల కిందికి నెట్టి, ఏ అభిప్రాయమూ చెప్పకుండా వెళ్లిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. జీవన్ వరసగా ఐదు ఆటలు గెలిచి, ఒక్కదానికీ సంతోషించలేదు.

ఆయన రాలేదు గానీ ఆయన మనుషులు వస్తూనే ఉన్నారు. లోపలికి తొంగిచూసి, “మా అన్న రాలేదా అమ్మా?” అని అడిగి పోయేవారు. నాలుగో రోజు, అంతకుముందు వచ్చిన ఆ ఆడమనిషి మళ్లీ వచ్చింది. పేరు రాములమ్మ. ఎదుటి మిల్లులోనే దారం చుట్టే సెక్షన్‌లో చేసేదట.

“ఆట రేపు చూద్దువులేమ్మా, ఆయన లేరు,” అంది ఛాయాదేవి.

“ఆటనా? నాకేమెర్క అమ్మా ఆట?” అంది రాములమ్మ. “పని కోసం వస్తం. ఏ ఫ్యాక్టరీల ఎవరు కావాల్నో సైకిల్ మీద తిరిగి తెలుసుకొనొస్తడు. మాకు చెప్తడు. మస్తు మందిని పెట్టిచ్చిండు. నన్ను మల్లాపూర్ల బిస్కెట్ల ఫ్యాక్టరీల పెట్టిచ్చిండు.”

“మరి ఆ మాట ఇంట్లో కూర్చుని చెప్పొచ్చుగా?”

“మొదట్ల గట్లనే చెప్పిండు. ఎవ్వరు రాలే. పని అడగనీకి ఒకరింటికి పోవాల్నంటె సిగ్గు గాదామ్మా? మేమందరం రోజుకొక్కసారన్న గా గేటు కాడికి వస్తుంటిమి. ఊకెనే. కాళ్లు అవే గుంజుకొస్తుండె. ఈడ నిలవడి తెర దిక్కు సూస్తె, ఆట సూస్తున్నరనుకుంటరు. పని అడుగుతున్నమని ఎవరికెర్క?”

ఛాయాదేవి లేచింది. ఆట ఆపించి, కౌంటర్ జీవన్‌కి అప్పగించి, రాములమ్మ వెంట బయల్దేరింది.

ఎర్రకుంటలో రెండు గదుల ఇల్లు. బిక్షపతి గుమ్మంలో కూర్చుని బాగానే తిరుగుతున్న టేబుల్ ఫ్యాన్‌ని విప్పదీసి బాగుచేస్తున్నాడు. ఆయన భార్య వెంకటనర్సమ్మ ఛాయాదేవికి మంచినీళ్లిచ్చి, “జర తీస్కపోమ్మా ఈయన్ని. ఇంట్ల ఇప్పనీకి ఇంకేం మిగల్లే,” అంది.

“ఏందన్నా గిట్ల కూసున్నవు?” అంది రాములమ్మ.

“ఏం జెయ్యాలె? అందర్ని కొత్త పనులకు పంపిన. నేను పోలే.” ఆయన ఫ్యాన్ మర తిప్పుతూ అన్నాడు. “ఆఖరోడికి పని దొరికిందాంక సెక్రటరీ పోవద్దని చెప్పుకుంట తిరిగిన. అబద్ధం చెల్లె. పొద్దుగాల ఆరింటికి నాకు ఇంకా గా మిల్లు సైరనే ఇనబడుతది. ఇంకో గేటు లోపలికి కాలు పడదు.”

ఛాయాదేవి గ్లాసు కింద పెట్టి, “గని అయిపోయిందన్నయ్యా,” అంది. అన్నాక భయమేసింది.

బిక్షపతి తలెత్తి చూశాడు. తర్వాత పెద్దగా నవ్వాడు. “గా జీవన్ గాడు గిట్లనే మొత్తుకున్నడు.”

రాములమ్మ కొంగు బిగించింది. “నేను నాలుగొద్దులసంది తిరుగుతున్నది నా కోసం గాదన్నా. మా తాన మిషన్లు సూసుకునేటోడు కావాలె. నీ పేరు చెప్పొచ్చిన. సోమారం రమ్మన్నరు. నువ్వు రాకుంటే నా మాట పోతది.”

“నన్నడగకుంట ఎట్ల చెప్తివి?”

“నువ్వు మమ్మల్ని అడిగి చెప్పినవా?”

సెక్రటరీగా పదేళ్లు మేనేజర్ల నోళ్లు మూయించినవాడు తలవంచుకుని ఫ్యాన్ మరలు మళ్లీ బిగించాడు. ఆ సోమవారమే పనిలో చేరాడు.

అదే రోజు పదింటికి నెట్ సెంటర్ బోసిపోయింది. జీవన్ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి, “ఆడబుద్ధయితలేదు ఆంటీ,” అన్నాడు. అయినా ఆడుతూనే ఉన్నాడు. ఒంటిగంటకు ఫోన్ మోగింది.

“చెల్లె, నేను బిక్షపతిని. లంచ్ ఇచ్చిన్రు. ఆఫీసు ఫోన్ కెంచి చేస్తున్న. ఎట్లుందంటవు?”

“ఏమిటి అన్నయ్యా?”

“ఆట! మనసంత ఆడ్నే ఉన్నది. ఎవరు గెలుస్తున్రు?”

ఛాయాదేవికి ఏ రంగు ఎవరిదో కూడా తెలియదు. ఫోను తీగ సాగినంత దూరం లాక్కుని, మెడ చాచి తెరలోకి చూసింది.

“నీలం జెండాల వాళ్లు వంతెన దాటి వచ్చేస్తున్నారన్నయ్యా! చాలామంది ఉన్నారు! నాకెందుకో భయంగా ఉంది!”

“ఆంటీ,” అన్నాడు జీవన్ వెనక్కి తిరక్కుండానే, “అవి మనయే.”

“మనవాళ్లేనట అన్నయ్యా!” అని ఛాయాదేవి నాచారం అంతా వినబడేట్టు అరిచింది.