నా కారులో ఉండిపోయిన ఓటు

మేం అమెరికాలో ఉన్నది పదమూడేళ్ళు. అక్కడి పౌరసత్వం వచ్చాక మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీ మూతపడింది. వేరే ఉద్యోగం సిడ్నీలో దొరికితే ఇక్కడికి వచ్చి, ఇక్కడి పౌరసత్వమూ తీసుకున్నాం. స్కోఫీల్డ్స్‌లో ఇల్లు కట్టుకున్నాక కూడా నాలుగేళ్ళకోసారి అమెరికా అధ్యక్ష ఎన్నికలకి ఆ పాత ఊరి నుంచి మాకు రెండు బ్యాలెట్లు పోస్టులో వచ్చేవి. భోజనాల బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని నింపేవాళ్ళం. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకుని నాకు చూపించేవారు కాదు. చూపించకపోయినా నాకు తెలిసిపోయేది.

"నువ్వటు, నేనిటు. ఒకరి ఓటు ఒకరం కొట్టేసుకున్నాం. పోస్టు బిళ్ళలు దండగ" అని నవ్వేవారు.

ఆస్ట్రేలియా పద్ధతి వేరు. ఇక్కడ ఒకరి పక్కన గుర్తు పెట్టి వచ్చేస్తే కుదరదు, అందరికీ వరసగా అంకెలు వెయ్యాలి. కొత్తగా ఓటుహక్కు వచ్చిన తెలుగువాళ్ళు ఎవరు కనబడినా ఆయన పాఠం మొదలుపెట్టేవారు, హారిస్ పార్క్‌లో సరుకుల కొట్టు ముందైనా సరే. "ఒకటేమో మనకి నచ్చినవాళ్ళకి వెయ్యండి. రెండు, సర్దుకుపోగలిగినవాళ్ళకి. అదే అమెరికా కాయితమైతే అంకె వేశారా, చెల్లదు. పేరుకి ఎడమపక్క సున్నా ఉంటుంది, దాన్ని నల్లగా నింపాలి, అంతే." వినీ వినీ నాకు కంఠతా వచ్చేసింది. "చింతపండు తెమ్మంటే బడి పెట్టారా?" అని కారులోంచి హారన్ కొట్టేదాన్ని.

ఈసారి అమెరికా పోటీలో ఒకరు పాత కాపు, జీవితమంతా ప్రభుత్వంలోనే గడిపిన మనిషి. ఇంకొకరు ఆ గుమ్మం ఎన్నడూ తొక్కని బయటి మనిషి. మా ఆయన నెలల తరబడి తూచారు. పొద్దున కాఫీ దగ్గర ఒకరి వైపు మొగ్గితే, సాయంత్రం నడకలో ఇంకొకరి వైపు. తేల్చుకోలేని మనిషిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నేను డాక్టర్ని, తేల్చి చెప్పడమే నా పని.

"బల్ల మీద పడుకున్నాక ఎవరైనా చెయ్యి తిరిగిన సర్జన్నే కోరుకుంటారండీ" అన్నాను.

"ఇన్నాళ్ళూ కోసింది ఆ చెయ్యి తిరిగినవాళ్ళే కదా డాక్టరుగారూ. మా ఫ్యాక్టరీ మూసిన రోజు ఒక్కళ్ళైనా వచ్చి తొంగి చూశారా?" అన్నారు.

ఆయనకి వేరే ఉద్యోగం దొరికింది. ఆయన కింద పనిచేసినవాళ్ళలో చాలామందికి దొరకలేదు. వాళ్ళ ఫోన్లు సిడ్నీకి కూడా వచ్చేవి. ఆ బాధ ఆయనలో ఎంతుందో నేనెప్పుడూ అడగలేదు. వాదనలో గెలవడమే చూసుకున్నాను.

ఎన్నికలకి రెండు నెలల ముందు, ఒక ఆదివారం హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్తుంటే దారిలో చెప్పారు, బయటి మనిషికే వేద్దామనుకుంటున్నానని.

"మతి ఉండే మాట్లాడుతున్నారా?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆయన రోడ్డు మీంచి కళ్ళు తిప్పలేదు. గుళ్ళో ప్రదక్షిణాలు విడివిడిగా చేశాం. పులిహోర పొట్లాలు కూడా వేరువేరు బెంచీల మీద తిన్నాం.

ఆ రోజు నుంచి ఇంట్లో అవసరానికి మించి మాటల్లేవు. నేను పంతం పట్టాను, ఆయనా పట్టారనుకున్నాను. నేను ఆయనకి ఎడమపక్క సోఫాలో కూర్చుని ఏదైనా అడిగితే తల తిప్పేవారు కాదు. గరాజులో కారు పెడుతూ ఎడమవైపు అద్దం స్తంభానికి కొట్టి విరగ్గొట్టారు, అది నా మీద కోపమే అనుకున్నాను. అన్నం తినేటప్పుడు కంచంలో కుడివైపు తినేసి, ఎడమవైపు వేసిన దొండకాయ వేపుడు ముట్టకుండా లేచిపోయేవారు. నా మీద కసి నా వంట మీద తీర్చుకుంటున్నారని, ఆ కంచం తీసుకెళ్ళి విసురుగా చెత్తబుట్టలో దులిపేదాన్ని.

బ్యాలెట్లు వచ్చాయి. ఈసారి ఎదురెదురుగా కూర్చోలేదు. ఆయన తన గదిలో నింపుకుని, కవరు అంటించి, నేను క్లినిక్‌కి బయల్దేరుతుంటే చేతికిచ్చారు.

"నీదానితో పాటు వేసెయ్యి" అన్నారు.

స్టేషన్ దగ్గర ఎర్ర పోస్టు డబ్బా ముందు కారాపి నాది వేశాను. ఆయనది డాష్‌బోర్డు అరలో పెట్టి మూసేశాను. మరచిపోయాననీ, మర్నాడు వేద్దామనుకున్నాననీ చెప్పుకోవచ్చు. కానీ అది నిజం కాదు. వెయ్యకూడదనే వెయ్యలేదు. నన్ను నమ్మి చేతికిచ్చిన మనిషి ఓటు దొంగిలించాను. ఆ రోజు పేషెంట్లతో చాలా హుషారుగా మాట్లాడాను కూడా.

నాలుగు వారాల తర్వాత ఒక శనివారం పొద్దున, పెరట్లో కరివేపాకు మొక్కకి నీళ్ళు పోస్తూ పడిపోయారు. మూర్ఛ. స్కాన్‌లో మెదడుకి కుడివైపు గడ్డ కనబడింది. అక్కడ గడ్డ పెరిగితే మనిషికి ఎడమవైపు అంటూ ఒకటుందన్న సంగతే తెలియకుండా పోతుంది. ఇది నాకు చదువుకునే రోజుల నుంచీ తెలుసు.

"ఈమధ్య ఆయనలో మార్పేమైనా గమనించారా?" అని సర్జన్ అడిగారు. వారానికి పదిమందిని నేనడిగే ప్రశ్నే అది.

"లేదు" అన్నాను. మా మధ్య మాటల్లేవన్న ముక్క మింగేశాను.

ఆస్పత్రిలో ఆయన కుడివైపు సగం తిని చెయ్యి తీసేస్తే, నర్సు వచ్చి కంచం అటుది ఇటు తిప్పి పెట్టింది.

"ఇంకా ఉందా? అయిపోయిందనుకున్నా" అని, ఆయన మిగిలింది కూడా తినేశారు. నేను వరండాలోకి వెళ్ళి గోడకి ఆనుకుని ఏడ్చాను.

ఫలితాలు వచ్చిన రోజు వార్డులో టీవీ మోగుతోంది. ఎవరు గెలిచారన్నది ఆయన పట్టించుకోలేదు. నేను ఆయనకి కుడివైపు కుర్చీలో కూర్చున్నాను, అప్పటికి నేర్చుకున్నాను.

"నా ఓటు చేరిందా?" అన్నారు.

"చేరిందండీ."

"నీది?"

"నాదీ చేరింది."

"అయితే సరే. కొట్టేసుకున్నాం" అని నా చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. అప్పుడైనా చెప్పాల్సింది. ఆ చెయ్యి వదిలేస్తారేమోనని భయపడ్డాను.

డిసెంబరులో మొదలయ్యే ఇక్కడి ఎండాకాలం పూర్తి కాకుండానే ఆయన పోయారు.

తర్వాత నా కారు, విడిగా ఉంటున్న మా అమ్మాయికి ఇచ్చేద్దామని సామానంతా తీస్తుంటే ఆ కవరు బయటపడింది. ఇద్దరం కారులోనే కూర్చుని విప్పాం. పేర్లకి ఎడమపక్కనున్న సున్నాలన్నీ తెల్లగానే ఉన్నాయి. కాయితం కుడి అంచున, గీతలు దాటి కిందికి జారిపోతూ అంకెలున్నాయి. బయటి మనిషి పేరు దగ్గర ఒకటి. పాత కాపు పేరు దగ్గర రెండు. ఊరందరికీ పాఠం చెప్పిన మనిషి, అమెరికా కాయితం మీద అంకెలు వేశారు. నేను అన్ని మాటలన్నాక కూడా నేను కోరుకున్న మనిషికి రెండు వేశారు.

"ఇట్ వుడంట్ హావ్ కౌంటెడ్ ఎనీవే, మమ్" అంది మా అమ్మాయి నా భుజం మీద చెయ్యి వేసి. పోస్టు చేసినా చెల్లేది కాదని, నన్ను ఓదార్చడానికే అంది.

నిజమే, చెల్లేది కాదు. గడ్డ సంగతి నెల ముందు తెలిసినా ఆయన బతికేవారు కాదని సర్జన్ కూడా చెప్పారు. కానీ దొంగతనం ఎలాగూ చేశాను కదా, ఆ కవరు అప్పుడే విప్పి చూసుంటే ఆ అంకెలు నాకు కనబడేవి. ఎడమపక్క సున్నాలు ఆయనకి ఎందుకు కనబడలేదో డాక్టర్ని కాబట్టి నాకు వెంటనే తెలిసేది. కారు వెనక్కి తిప్పి ఇంటికెళ్ళి, ఆ మధ్యాహ్నమే ఆయన కంచం తిప్పి పెట్టేదాన్ని.