కుదానుం మింగిన పొట్టేలు

ఊర్ అనే పట్నంలో ఉన్ని పీకేవాళ్ళ వీధికి వెళ్ళి ఎవరినైనా అడగండి, చెబుతారు: తల్లి చచ్చిన రోజున మార్తు జాతి కుదానుం ఒక పొట్టేలుని కొమ్ములతో సహా పచ్చిగా మింగేశాడు. నమలలేదు, మింగాడు. కొమ్ములు గొంతుకి అడ్డం పడి కళ్ళవెంట నీళ్ళు ధారగా కారాయి. కడుపులోకి దిగాక కూడా పొట్టేలు రెండుసార్లు అరిచిందని ఎదురింటి కుమ్మరి తన కుండల మీద ఒట్టేసి మరీ చెబుతాడు. వీధిలో ఈ కథ తెలియనివాడు లేడు, కళ్ళారా చూసినవాడూ లేడు.

ఇది చెవిన పడ్డప్పుడల్లా కుదానుం భార్య నిన్‌కల్లకి ఒళ్ళు మండిపోతుంది. ఆమె ఆ వీధిలోనే పుట్టింది. ఇల్లు తండ్రిది. ఆ ఇంటి నేల కింద తాతలూ ముత్తాతలూ పడుకుని ఉన్నారు, నెలనెలా నేలలోకి దించిన మట్టి గొట్టంలోంచి వాళ్ళకి నీళ్ళు పోసేది ఆమే. కుదానుం పడమటి ఎడారి నుంచి గొర్రెల వెంట వచ్చి, గొర్రెల్ని కోవెలవాళ్ళు ఉంచేసుకుంటే తానూ ఉండిపోయాడు. మిగతావాళ్ళ చేతుల్లో తన్నుకులాడే గొర్రె అతను ఉన్ని పీకుతుంటే కునుకు తీసేది. అయినా వీధికి అతను మార్తువాడే. మార్తువాళ్ళు పచ్చిమాంసం తింటారట, ఇల్లన్నది ఎరగరట, చచ్చినవాళ్ళని పాతిపెట్టరట. ఈ మాటలన్నీ అతని తల్లి యమామ ఎడారికి నడిచిపోయి, వానలకి ఇసుకలో ఊరిన గడ్డ పుట్టగొడుగుల్ని గోళ్ళతో తవ్వి తెస్తే, వాటిని లొట్టలేసుకుంటూ తింటూ అనేవాళ్ళు. మట్టి గీక్కునే జాతి అని నవ్వి, ఇంకో ముక్క ఉందా అని గిన్నె చాపేవాళ్ళు. నిన్‌కల్లకి గరిట తిరగేసి కొట్టాలనిపించేది. యమామ మాత్రం నవ్వుతూ వడ్డించేది.

ఆ ముసలామె మండుటెండల్లో పోయింది. పోయేముందు కోరింది ఒక్కటే, కోడలి పెద్దల పక్కన, ఆ గొట్టం కిందే పడుకోవాలని. బతుకంతా దాహంతో నడిచిన మనిషి. చచ్చాకైనా ఎవరో ఒకరు నీళ్ళు పోస్తారన్న ఆశ. కుదానుం పార తీసి ఇంటి నేల తవ్వడం మొదలుపెట్టాడు.

పార చప్పుడుకి వీధి పెద్ద ఉర్‌మెస్ వచ్చాడు, వెనక వీధంతా వచ్చింది. గోడలు ఉమ్మడివి కాబట్టి పరాయి ప్రేతం తమ పెద్దల మధ్య దూరి పడక కోసం పోట్లాడుతుందని వాళ్ళ గోల. ఉర్‌మెస్ పార పట్టుకున్నాడు.

"అమ్మాయ్, వాళ్ళలో పాతిపెట్టే ఆచారం లేదుగా. ఎడారికి మోసుకుపోయి వదిలేయండి. ఆవిడకీ అలవాటైన చోటు."

"పాతిపెట్టరని ఇన్నాళ్ళూ వెక్కిరించింది మీరే కదా బాబాయ్," అంది నిన్‌కల్ల. "ఇవాళ పాతిపెడతామంటే పార పట్టుకునేదీ మీరేనా?"

గోడ సంగతి ఆలోచించమన్నాడు ఉర్‌మెస్. అందరూ తలలూపారు. ఏటేటా గిన్నె చాపిన తలలే అవన్నీ. నిన్‌కల్లకి ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. శవం ఉన్న చాపకి ఒక కొస పట్టుకుని, రెండో కొస పట్టమని మొగుడికి సైగ చేసింది. జనం దారిచ్చారు, పీడా పోయిందనుకున్నారు. ఆమె ఎడారి దారి పట్టలేదు. తిన్నగా వెళ్ళి ఉర్‌మెస్ గడప ముందు చాప దించి, పక్కనే చతికిలబడింది.

"సరే బాబాయ్, మీ మాటే కానిద్దాం. పాతిపెట్టం. ఇక్కడే వదిలేస్తాం. రాత్రికి చెవుల్లో ఉన్ని కుక్కుకుని పడుకోండి, మీరూ పిన్నీ."

పాతిపెట్టని ప్రేతం నిద్రపోయేవాడి చెవిలోంచి లోపలికి దూరుతుందని ఊర్‌లో పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు. జనంలో సగంమంది చేతులు అప్పుడే చెవుల మీదికి పోయాయి. లోపల్నుంచి ఉర్‌మెస్ పెళ్ళాం మొగుణ్ణి ఏమందో గానీ, ఆ పెద్దమనిషే పరుగున వెళ్ళి నిన్‌కల్ల ఇంట్లో గొయ్యి తవ్వాడు. ఎంత లోతు తవ్వాడంటే, ఇంకో జానెడు తవ్వితే సొంత ముత్తాతకి దండం పెట్టి వచ్చేవాడే.

ఉర్‌మెస్ తవ్వుతున్నంతసేపూ కుదానుం తన ఇంటి గడప మీద కూర్చుని, ఎవరో చేతిలో పెట్టింది కొరుక్కుంటూ ఉండిపోయాడు. ఎదురింటి అరుగు మీద కుమ్మరి అటే చూస్తూ ఉన్నాడు.

యమామని పడుకోబెట్టారు. నిన్‌కల్ల గొట్టంలో కుండెడు నీళ్ళు పోసింది. అత్త ఆ నీళ్ళు గటగటా తాగిన చప్పుడు వినిపించిందని ఆమె ఇప్పటికీ అంటుంది. ఉర్‌మెస్‌తో మాత్రం ఒక్క మంచి మాటా అనలేదు. వీధి మారిందా అంటే, కొత్త కథ ఒకటి పుట్టించుకుంది, అంతే.

మొన్న ఉన్ని పీకే రోజుల్లో కుమ్మరి ఆ పొట్టేలుని ఎవరో కొత్తవాడి ముందు మళ్ళీ మింగించాడు. నిన్‌కల్ల గరిటతో లేచింది. కుదానుం ఒళ్ళో కునుకుతున్న గొర్రె మీంచి తలెత్తకుండానే అన్నాడు:

"ఉల్లిపాయ తిన్నాను. కన్నీళ్ళు దానివల్ల కాదు."