చెవుల్లేని గొర్రె తల

నరీన్ నది ఎగువన మా కొండ ఊళ్ళో కల్బూబూను ఎరగని గొర్రె కూడా లేదంటాం. మా పశువైద్యురాలు ఆవిడ. అడ్డం తిరిగిన పిల్లను తల్లి కడుపులోనే చేత్తో సరిచేసి బయటికి తీయడంలో ఆవిడకు సాటి ఇంకొకరు లేరు. బొబ్బరోగం వచ్చిన ఏడాది పక్క లోయలో మందలు నేలరాలితే మా మందలు నిలిచాయి. ఈ మాట ఎవరూ అడక్కపోయినా చెబుతాం.

పొగిడితే మాత్రం ఆవిడ ఒప్పుకోదు. "నన్ను కాదు, నన్ను చదివించినవాళ్ళని తలుచుకోండి" అంటుంది. గొర్రెల కాపరి కూతురికి ఫీజు కట్టి, హాస్టల్లో తిండి పెట్టి, చలికి బూట్లు కూడా ఇచ్చి చదివించింది ప్రభుత్వమే.

ఒక వసంతకాలంలో రాజధాని నుంచి కబురొచ్చింది. పట్నంలోని పశువైద్య కళాశాలలో ప్రభుత్వ ఖర్చుతో చదివే సీట్లు ఎత్తేస్తారట, చదవాలనుకున్నవాళ్ళు డబ్బు కట్టుకోవాలట. కల్బూబూ పక్కింటి కాపరి కూతురు బెర్మెత్ ఆ సీటుకు సరిపడా మార్కులు తెచ్చుకుని కూర్చుంది. సీటు పోతే మాస్కోకు వలసపోయి గిన్నెలు తోమడమే గతి.

కల్బూబూ గుర్రమెక్కి లోయలన్నీ తిరిగింది. కాపరులను కూడగట్టింది. మా పార్లమెంటు సభ్యుడు మెదెర్‌బెక్‌ను, సీట్ల సంగతి మీద అక్కడ ఓటింగు జరిగేలోపే ఊరికి రప్పించింది. అతిథి వస్తే గొర్రెను కోయాలి, తల ఆయన ముందు పెట్టాలి, కోసి పంచేది ఆయనే. ఆ తలమీది బొచ్చు కాల్చే పని బెర్మెత్‌కు అప్పగించారు. బుసకొట్టే మంటగొట్టం చేతిలో పట్టుకుని ఆ పిల్ల సీటు గురించే ఆలోచిస్తూ ఉండిపోయింది. చూసుకునేసరికి గొర్రె తలకున్న రెండు చెవులూ మసైపోయాయి.

"కాల్చమంటే బొగ్గు చేశావేమే?" అన్నాడు మాంసం పంచే పెద్దాయన సతార్. "ఇంకో గొర్రెను కోద్దామా?"

"కోసి, దాని తల కూడా దీని చేతికే ఇస్తావా?" అంది కల్బూబూ. "అలాగే పెట్టెయ్."

మెదెర్‌బెక్ కత్తి పట్టుకుని తలను అటూ ఇటూ తిప్పి చూశాడు. "అపా, మీ ఊరి గొర్రెలు చెవుల్లేకుండానే పుడతాయా?"

అపా అంటే మాకు అమ్మ, పెద్దావిడ ఎవరైనా అమ్మే.

"చెవులు కోసి ఎవరికిస్తాం నాయనా మనం?" అంది కల్బూబూ.

"పిల్లలకి. చెప్పింది విని బాగా చదువుకోవాలని."

"చదువే తీసేస్తామంటున్నారుగా. ఇక చెవులతో పనేముంది?"

సతార్ గట్టిగా దగ్గాడు. కల్బూబూ తనే అందుకుంది. "అబద్ధమెందుకు, ఈ పిల్ల కాల్చేసింది. కాలేజీ దిగులుతో మంట సంగతే మరిచిపోయింది."

బెర్మెత్ తల దించుకుంది. మెదెర్‌బెక్ నవ్వలేదు. "ఖజానాలో సొమ్మెక్కడిది అపా? చదువుకున్నవాళ్ళకేగా లాభం, ఖర్చు కూడా వాళ్ళే పెట్టుకోవాలంటున్నారు."

"నా చదువు లాభం నేనొక్కదాన్నే మూటగట్టుకున్నానా? ఎక్కడో ఓష్‌లో పత్తి ఏరిన ఆడమనిషి కష్టం ఖజానాకు చేరి నాకు బూట్లు కొనిపెట్టింది. ఆమె మొహం నేనెరగను. నువ్వు తింటున్న ఈ గొర్రె, తల్లి కడుపులో అడ్డం తిరిగితే మంచులో నడిచొచ్చి బయటికి తీశాను. నన్ను అంతదూరం నడిపించింది ఆ బూట్లే."

"నేను మాటివ్వలేను అపా."

"మాట వద్దు, విను చాలు. నీకున్నాయిగా చెవులు."

అప్పుడు నవ్వాడు. పులిసిన గుర్రప్పాల కుమిస్ గిన్నె పక్కన పెట్టి, కాపరులు ఒక్కొక్కరూ చెప్పింది పొద్దువాలేదాకా విన్నాడు.

ఓటింగు రోజు మేమంతా కల్బూబూ ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాం. మెదెర్‌బెక్ సీట్లు ఉంచాలనే వైపు చెయ్యెత్తాడు. ఆయనొక్కడివల్లే కాదు, మిగతా లోయలవాళ్ళూ తమ తమ సభ్యుల్ని ఊరికే వదలలేదు. సీట్లు నిలిచాయి.

బెర్మెత్ పట్నానికి బయలుదేరే ముందు మళ్ళీ గొర్రెను కోశాం. ఈసారి తల కాల్చేటప్పుడు ఆ పిల్ల కళ్ళు మంట మీదనుంచి కదల్లేదు. విందయ్యాక కల్బూబూ దోసిలి తెరిచి, ఈ పిల్లను చదివించబోయే, ముఖమెరగని జనమంతా చల్లగా ఉండాలని దీవించింది. ఒక చెవి కోసి బెర్మెత్ నోట్లో పెట్టింది. రెండోదాన్ని రొట్టెలో చుట్టి సతార్ చేతికిచ్చింది.

"ఇది ఎవరికి?" అన్నాడు సతార్.

"మెదెర్‌బెక్‌కి పంపించు. పిల్లవాడు బాగానే విన్నాడు."