పసుపు నీళ్లలో వంగిన చెక్క

ఈ వారం మా మేనత్త పోయింది. బోధన్‌లో మా ఇంటికి చివరిచూపుకు వచ్చినవాళ్లలో సగంమంది, గోడకు వేలాడుతున్న నాలుగు తీగల చిన్న వాద్యాన్ని చూసి, "మీ తాత చెయ్యంటే చెయ్యే!" అన్నారు. ఆమె పక్కనే కూర్చుని ఆ మాట విన్న నాకు ఒళ్లు మండిపోయింది. అది తాత చేసింది కాదు. మా అత్త చేసింది. ముందు ఆ సంగతి మీకు చెప్పాకే మిగతా మాటలు.

తాత వడ్రంగి. భర్త పోయాక అత్త పుట్టింటికి వచ్చి మాతోనే ఉండిపోయింది. చక్కెర ఫ్యాక్టరీలో మిషన్లు బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజనీరు భార్య, పగిలిన తన యుకలేలేను అతికించమని తాతకు ఇచ్చింది. గిటారులాంటిదే, కానీ చంటిబిడ్డంత ఉంటుందది. తాత సరేసు పెట్టి అతికించి పంపేశాడు. అది ఇంట్లో ఉన్నన్నాళ్లూ, అలాంటిదే తానూ చేయాలని అత్త దాన్ని జానతో, వేళ్లతో కొలుస్తూనే ఉంది.

మా ఇంట్లో ఆడవాళ్లు ఉలి ముట్టకూడదు. ఎవరు పెట్టారో ఆ పాడు కట్టుబాటు! తాత బజారుకు పోతేనే అత్త పని చేసుకునేది. పైచెక్క టేకుతో, తీగలు బిగించే మేకులు నల్లతుమ్మతో చేసింది. చిక్కంతా పక్కచెక్కలతోనే వచ్చింది. నడుము దగ్గర వంచబోతే ఫట్‌మని విరిగేవి. నందిపేటలో చుట్టాల చేనుకు పసుపు ఉడకబెట్టడానికి పోయినప్పుడు, కొమ్ములతోపాటు పలచటి చెక్కలను కూడా కడాయిలో వేసింది. అక్కడి ఆడవాళ్లు పడీపడీ నవ్వారు.

"ఇరుగుతది అత్తా, తియ్యి" అన్నాను నేను.

"తొందర పెట్టకే బిడ్డా. అది వంగుతనంటున్నది" అంది.

వంగింది. ఇత్తడి చెంబుకు చుట్టి, పాతచీర పేలికలతో కట్టి ఆరబెట్టింది. అందుకే దాని పక్కలు ఇప్పటికీ పచ్చగా ఉంటాయి. తాత పసుపు కడాయి దగ్గరికి ఏనాడైనా పోయాడా? ఆ రంగు చూసి కూడా ఎవరికీ అనుమానం రాలేదు.

తీగలు బిగించి మోగించిన రోజు తాత దాన్ని తిప్పి తిప్పి చూసి గోడకు తగిలించాడు. తరువాత ఇదెవరు చేశారని ఎవరో అడిగితే "నేనే చేసిన" అన్నాడు. చాయ్ తెచ్చిన అత్త అలాగే నిలబడిపోయింది. అంతా తెలిసిన మా బాపు, ఆమె సొంత తమ్ముడు, తల దించుకున్నాడు.

"మోగుతున్నది గద బిడ్డా, ఎవరు చేస్తే ఏంది?" అనేది అత్త. ఆ మాటకు ఆమె మీద కూడా నాకు కోపమే. కొంగుతో చేతులు తుడుచుకోనిదే దాన్ని ముట్టేది కాదు. వానాకాలం వస్తే తీగలు వదులు చేసేది. దాని మీద అంత ప్రేమ ఉండి కూడా, ఎవరు చేస్తే ఏందని ఎలా అనగలిగిందో!

అత్త పోయిన మూడోనాడు విస్తరిలో ముద్ద పెట్టి పిట్టకు పెట్టాం. కాకి ముట్టనిదే ఇంట్లో ఎవరూ తినరు. ముట్టకపోతే పోయినవాళ్ల మనసులో ఏదో మిగిలిపోయిందని అర్థం.

"దినాలు మంచిగ చేస్తమక్కా" అన్నాడు బాపు. గోడ మీద వాలిన కాకి దిగలేదు. "నీ వాద్యం నాయిన ఫొటో పక్కన్నే పెడ్తం" అన్నాడు. దిగలేదు.

"గది ఎవరు చేసిండ్రో చెప్పు బాపు" అన్నాను.

"గిప్పుడెందుకే, గింత మందిల?"

"గింత మందిలనే చెప్పాలె."

ఎండ ఎక్కింది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. చుట్టాలు "ఏదో ఒకటి అను" అని ఆయన మీద విసుక్కున్నారు. బాపు విస్తరి మీదికి వంగి ఏదో గొణిగాడు.

"గట్టిగ" అన్నాను.

"గది నువ్వే చేసినవక్కా! నాయిన చెయ్యలె!"

కాకి దిగి ముద్ద ముట్టింది. హమ్మయ్య అనుకుంటూ అందరూ లేచి భోజనాలకు నడిచారు. ఏమన్నావని కూడా బాపును ఎవరూ అడగలేదు.

"ఉన్నప్పుడు ఒక్కసారి అంటే ఏం పోయేది బాపు?" అన్నాను.

కాకి తిని ఎగిరిపోయినా, ఆయన మోకాళ్ల మీద అలాగే కూర్చుని, "నువ్వే చేసినవక్కా, నువ్వే చేసినవ్" అని చెదిరిన మెతుకులతో చెబుతూనే ఉన్నాడు.