వదిన మాట తగ్గించిన రోజులు

మొన్న తాండూరులో మందుల షాపు ముందు నిలబడి ఉంటే, ఆటో దిగిన ఒకావిడ కొంగును చెంపకు ఆనించకుండా, గాలి మాత్రం తగలకుండా అడ్డం పెట్టుకుని నడిచి వచ్చింది. చూడగానే మా వదిన గుర్తుకొచ్చింది.

అప్పట్లో నేను బండల పాలిషింగ్ యూనిట్‌లో కొత్తగా పనికి కుదిరి అన్నావదినల దగ్గరే ఉండేవాణ్ని. వదినది మర్పల్లి; ఆమె వంటింట్లో మాట్లాడితే వీధిలోకి వినిపించేది. అలాంటి మనిషి ఉన్నట్టుండి మాట తగ్గించింది. ఒక ముద్ద తిని కంచం ముందు నుంచి లేచిపోయేది, పొద్దున మొహం కడుక్కోవడానికి వెనకాడేది, పలకరిస్తే తలూపి ఊరుకునేది. మా మీద కోపం వచ్చిందనుకున్నాం. ఎందుకొచ్చిందో తెలియక అన్న నన్ను అనుమానించాడు, నేను అన్నను అనుమానించాను.

చివరికి ఆమే ఆగి ఆగి చెప్పింది.

"కోపం కాదు తమ్మీ. మాట్లాడితే చెంపల కరెంటు కొట్టినట్లయితుంది."

పన్ను నొప్పే అనుకుని ఒక పన్ను పీకించాం. నొప్పి పోలేదు. పక్కది కూడా పీకించాం. రాతి దుమ్మని ఒకరు, చెవిలో లోపమని ఒకరు, గాలి సోకిందని పెద్దేముల్ నుంచి వచ్చిన మేనత్త, ఇలా తలా ఒకటి చెప్పారు. మెరుపులా వచ్చి పోయే ఆ నొప్పి లేని వేళ ఆమె మామూలుగానే కనిపించేది కాబట్టి, ఎవరిని నమ్మాలో మాకు పాలుపోలేదు.

వికారాబాద్‌లో ఒక పెద్ద డాక్టరు దూదిపోగును చెంపకు తాకీ తాకనట్టు తాకించగానే వదిన ఉలిక్కిపడి కళ్లు మూసుకుంది. ఇది ముఖానికి పోయే నరం నొప్పని ఆయన చెప్పి, హైదరాబాద్‌లో తలకు స్కానింగ్ తీయించి, లోపల గడ్డ ఏదీ లేదని చూసుకున్నాకే మాత్ర రాశాడు.

"మరి పండ్లెందుకు పీకినట్లు సార్?" అని అన్న అడిగాడు.

"మస్తు మందికి గిట్లనే అయితదయ్యా," అన్నాడాయన.

తీరా షాపులో ఆ మాత్ర ఫిట్సుకు వాడేదన్నారు. మళ్లీ అయోమయం. ఇంటికి తెచ్చి కూడా ఇవ్వాలా వద్దా అని అన్న చేతిలోనే పట్టుకుని నిలబడితే, వదిన అందుకుని మింగేసింది.

"ఏదైతే గది కానీ, మీ ఫికర్ మీరు పడున్రి," అంది.

మొదట్లో తల తిరిగి గోడ పట్టుకుని నడిచేది. డాక్టరు రక్తం పరీక్షలు చేయిస్తూ కొంచెం కొంచెంగా మోతాదు పెంచాక, ఒక మధ్యాహ్నం ఆమె జొన్నరొట్టె తుంచుకుని నెమ్మదిగా నమలడం చూస్తూ మేమిద్దరం తినడం మరిచిపోయాం.

ఇప్పుడు జబ్బు పేరు ఫోనులోనే దొరుకుతోంది, నరాల డాక్టరు కోసం మునుపటంత తిరగనక్కరలేదు. వదిన పోయి చాలా ఏళ్లయింది. నొప్పి తగ్గాక కూడా ఆమె గొంతు మళ్లీ వీధిలోకి వినిపించలేదు. అది భయమో, అలవాటో, నోట్లో ఖాళీ అయిన ఆ రెండు పళ్ల గురించి మా మీద నిజంగానే మిగిలిన కోపమో, అన్నా నేనూ ఇప్పటికీ తేల్చుకోలేకపోయాం.