చైన్ సాగిందని శివశంకర్ పడ్డ పరేషాన్

శివశంకర్ తెల్లాపూర్ విల్లాల్లో టైల్స్ పరిచే మేస్త్రీ. ఆయన పరిచిన నేల మీద చెంబెడు నీళ్ళు పోస్తే, ఎటు పోవాలో అటే పోతాయి. కూతురు రోహిణికి సైకిల్ పందేలంటే ప్రాణం. తెల్లారితే జిల్లా జట్టుకు ఎంపిక పోటీ.

పోయిన వారం ప్రేమ పొంగుకొచ్చి, టైల్స్ కోసే మిషన్‌కు పోసే నూనె తెచ్చి ఆమె సైకిల్ చైన్ మీద గుమ్మరించాడు. ఆ పిల్ల తొక్కేది కట్టడాల దుమ్ములో. దుమ్మంతా నూనెకు పట్టి చైన్ కరకరలాడసాగింది.

"నూనె రాసినవా, తానం జేయించినవా? దీనికంటే బజ్జీల బాండీ నయం," అంది భార్య నీలమ్మ.

చైన్‌లో పన్నెండు అంగుళాలు ఉండాల్సిన చోట అర నూలు ఎక్కువొస్తే అరిగిపోయినట్టేనని రోహిణి ఎప్పుడో చెప్పింది. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. సాయంత్రం పని నుంచి రాగానే శివశంకర్ టేపు పెట్టి కొలిచాడు. ఏకంగా ఒక నూలు ఎక్కువ! ఇప్పుడు కొత్త చైన్ వేసినా, పాతదానితో పాటే అరిగిన చక్రం పళ్ళ మీద అది జారుతుంది.

"బిడ్డా, రేపు పోకు. చైన్ ఖతమైంది. నేనే ఖరాబ్ జేసిన."

"ఎవరు జెప్పిండ్రు నాయినా?"

"టేపు జెప్పింది. నడుమల తెగితే మొఖం పగుల్తది."

"ఏదీ, నా ముంగట కొల్వు."

శివశంకర్ పెడల్ నొక్కి చైన్ బిగించాడు. లింకులను కలిపే పిన్నుల్లో మొదటిదాని ఈ అంచు నుంచి చివరిదాని ఆ అంచు దాకా టేపు లాగాడు. ఇరవై ఏళ్ళుగా టైల్‌ను అట్లాగే కొలుస్తున్నాడు మరి. రోహిణి పకపకా నవ్వింది.

"ఇది టైల్ గాదు నాయినా! పిన్ను నడిమి నుంచి పిన్ను నడిమికి గొల్వాలె. నువ్వు పిన్ను లావు గూడ కలిపినవ్!"

మళ్ళీ కొలిచాడు. సరిగ్గా పన్నెండు. మీద వెంట్రుక మందం ఉందేమో, అంతే. నమ్మకం కుదరక ఇంకోచోట కొలిచాడు. అక్కడా పన్నెండే. గోడకు ఆనుకుని కూలబడి, "బతికిచ్చినవే తల్లీ," అన్నాడు.

"ఇగనన్న తింటవా?" అంది నీలమ్మ.

తినలేదు. కిరసనాయిలు గుడ్డతో జిడ్డంతా తుడిచి, ఈసారి కూతురు చెప్పినట్టు ఒక్కో లింకుకు ఒక్కో చుక్క వేసి, పైన తేలిందంతా మళ్ళీ తుడిచాడు.

పొద్దున పోటీ మొదలైంది. రోహిణి ఆయన ముందు నుంచే దూసుకుపోయింది. గాలి చప్పుడు తప్ప చైన్ చప్పుడు లేదు. ఆమె వెనకాలే బండి మీద పోదామని పానాలు, పట్కారు సంచిలో వేసుకొచ్చిన శివశంకర్, ఆ సంచిని పక్కన పడేసి చాయ్ చెప్పాడు.